చిత్తడి నేల దగ్గర క్యాంపింగ్, స్కూల్ ట్యాబ్: సలహా కావాలి

నమస్కారం. సెలవుల్లో పిల్లలతో ఒక చిత్తడి నేల పక్కన టెంట్ వేసుకుని ఉండాలనుకుంటున్నాం. మా పాపకు స్కూల్లో ట్యాబ్ ఇచ్చి, అక్కడి పక్షుల్ని, కప్పల్ని నమోదు చేసుకుని రమ్మన్నారు. సిగ్నల్ ఉండదు. మెర్లిన్ యాప్‌లో పక్షుల ప్యాక్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా కూతను గుర్తుపడుతుంది, అది సరే. మరి కప్పల అరుపులకు ఏం వాడాలి?

నా అసలు టెన్షన్ తేమ గురించే. తెల్లవారుజామున టెంట్ లోపలి గుడ్డకు కూడా నీటి బొట్లు పడతాయి కదా, స్కూల్ వస్తువు పాడవకూడదు. జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడితే సరిపోతుందా?

పాప రోజంతా స్క్రీన్ వైపే చూడటం నాకిష్టం లేదు. పగలు నోట్‌బుక్‌లో బొమ్మలు గీసి, రాత్రి ట్యాబ్‌లో ఎక్కిస్తే పర్వాలేదా? ఇలాంటి ప్రాజెక్టు చేయించిన టీచర్లుంటే దయచేసి చెప్పండి.