థైరాయిడ్ ఆపరేషన్‌లో నర్వ్ మానిటర్: పేషెంటుకు మేలా, ముప్పా?

పీజీ_వరంగల్: థైరాయిడ్ రెండు వైపులా మొత్తం తీసేటప్పుడు నర్వ్ మానిటర్ (స్వరతంత్రులను కదిలించే నరం పనిచేస్తోందో లేదో కరెంటిచ్చి చూసే మిషన్) పెడితే పేషెంటుకు హాని ఉందా?

కత్తి_గుంటూరు: లేదు. నరానికి తాకించే ప్రోబ్‌తో ఇచ్చేది 1 మిల్లీఆంప్, ఒక్కోసారి 100 మైక్రోసెకన్లు, సెకనుకు 4 సార్లు. దానికి నరం కాలిపోదు. నరం ఎక్కువగా దెబ్బతినేది లోబ్‌ను (థైరాయిడ్‌లో ఒక సగాన్ని) ముందుకు లాగినప్పుడు, దాన్ని శ్వాసనాళానికి పట్టి ఉంచే బెర్రీ లిగమెంట్ దగ్గర. కంటికి తెల్లగా, నిక్షేపంలా కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. ఆ సంగతి చెప్పేది మానిటరే.

మత్తు_విశాఖ: కరెంటు సంగతి ఎవరడిగారు సార్? ఊపిరికి వేసే ట్యూబ్ గురించి చెప్పండి. సిగ్నల్ పట్టేందుకు దానిమీదున్న ఎలక్ట్రోడ్లు సరిగ్గా వోకల్ కార్డ్స్‌కు (స్వరతంత్రులకు) ఆని ఉండాలి. మెడ వెనక్కి వంచగానే ట్యూబ్ జరుగుతుంది, పొజిషన్ ఇచ్చాక వీడియో లారింగోస్కోప్‌తో (గొంతులోకి చూసే కెమెరాతో) మళ్లీ చూసుకోవాలి. ట్యూబ్‌కు మొద్దుబార్చే లిగ్నోకైన్ జెల్లీ రాయకూడదు. కండరాలను వదులు చేసే రిలాక్సెంట్ ఎక్కువైతే సిగ్నల్ రాదు, తగ్గిస్తే పేషెంట్ కదులుతాడు. ఒక రకం ట్యూబ్‌కు ఉన్న సిలికాన్ కఫ్‌లో (చుట్టూ ఉండే గాలి బుడగలో) గాలి ఎక్కువైతే అది ఉబ్బి ఊపిరి దారినే మూసేయొచ్చని 2022లో అమెరికాలో హెచ్చరిక కూడా వచ్చింది.

కత్తి_గుంటూరు: మానోమీటర్ పెట్టి కఫ్ ప్రెషర్ చూసుకోండి. రిలాక్సెంట్‌గా రొకురోనియం కిలోకు 0.3 మిల్లీగ్రాములు చాలు. ఎక్కువైతే దాన్ని విరిచే సుగామాడెక్స్ ఉంది.

మత్తు_విశాఖ: ఆ వయల్ ఖరీదు ఎవరు కడతారు?

స్వరం_తిరుపతి: 2009లో వెయ్యి మందిపై చేసిన ట్రయల్‌లో మానిటర్ వాడినప్పుడు వోకల్ కార్డ్ తాత్కాలికంగా చచ్చుబడడం తగ్గింది. శాశ్వతంగా చచ్చుబడడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మత్తు_విశాఖ: చూశారా? మరి మెడలోని వేగస్ నరానికి ఎలక్ట్రోడ్ తగిలించి ఆపకుండా మానిటర్ చేస్తే గుండె వేగం, బీపీ పడిపోయిన కేసులున్నాయి.

కత్తి_గుంటూరు: అది వేరే పద్ధతి! నేను ప్రోబ్ గురించి మాట్లాడుతుంటే మీరు దాన్ని తెచ్చి ఇందులో కలుపుతారేంటి? మీకు ట్యూబ్ మార్చడం బద్ధకం, అంతే.

మత్తు_విశాఖ: బద్ధకమా? సరే, అసలు మాటే అడుగుతాను. మొదటి వైపు సిగ్నల్ 100 మైక్రోవోల్టుల కిందికి పడితే "ట్యూబ్ జరిగిందేమో చూడు" అని నాకు చెప్పి, మీరు రెండో వైపుకు వెళ్లడం లేదా?

కత్తి_గుంటూరు: ట్యూబ్ తప్పో నరం తప్పో తేల్చే దారుంది. వేగస్‌ను స్టిమ్యులేట్ చేస్తూ క్రైకాయిడ్ (గొంతుపెట్టె కింది మృదులాస్థి ఉంగరం) వెనక వేలు పెట్టాలి. కండరం అదిరితే నరం బాగున్నట్టు, తప్పు ట్యూబ్‌ది. అదరకపోతే అవతలి వేగస్ చూడాలి. అక్కడ సిగ్నల్ వస్తే ట్యూబ్ సరిగానే ఉంది, పోయింది ఇటువైపు నరమే. 20 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి.

మత్తు_విశాఖ: అప్పటికీ రాకపోతే?

కత్తి_గుంటూరు: ఆపితే ఆ మనిషికి రెండో ఎనస్తీషియా, రెండో బిల్లు. నరం ఎక్కడుంటుందో నాకు తెలుసు, అవతలి వైపు జాగ్రత్తగా చేయగలను. ఆ నిర్ణయం సర్జన్‌ది.

మత్తు_విశాఖ: ట్యూబ్ తీసేది మేం సార్. రెండో వైపు నరం కూడా పోయి రెండు కార్డ్స్ మధ్యకొచ్చి బిగుసుకుంటే స్ట్రైడర్ (ఊపిరి ఆడక వచ్చే కూత) వచ్చేది మా చేతుల్లోనే, గొంతుకు రంధ్రం చేసే ట్రేకియాస్టమీ సెట్ అడిగేదీ మేమే. సిగ్నల్ పోయినా ఆగని చేతిలో ఆ మిషన్ ఎందుకు?

స్వరం_తిరుపతి: "ఒక వైపు చేసి ఆపవలసి రావచ్చు" అని కన్సెంట్‌లో ముందే రాయిస్తే బిల్లు గొడవ టేబుల్ దాకా రాదు కదా.

కత్తి_గుంటూరు: రాయిస్తాం. ఆపాలో వద్దో మాత్రం నేనే చెప్తా.

పీజీ_వరంగల్: సార్, వేలు పెట్టేది సరిగ్గా ఎక్కడో ఇంకాస్త వివరంగా చెప్తారా?