విశాఖ వన్‌టౌన్ పాత ఇళ్లు: ఉంచుకోవాలా, పడగొట్టుకోవాలా?

కోటవీధి మనవడు:
అందరికీ నమస్కారం. మా తాతగారి ఇల్లు పాత ఊళ్లో ఉంది, కురుపాం మార్కెట్‌కి నడిచి వెళ్లేంత దూరం. కింద రెండు షాపులు, పైన మేడ. గోడలు రెండడుగుల మందం. పైకప్పు మద్రాస్ టెర్రస్. అంటే టేకు దూలాలు, వాటి మీద ఏటవాలుగా నిలబెట్టి పేర్చిన సన్నటి ఇటుకలు, ఆ పైన ఇటుక ముక్కలు కలిపి కొట్టిన సున్నం. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, 2014 అక్టోబరు 12, అందరం కింద గదిలోనే కూర్చున్నాం. ఎదురు అపార్ట్‌మెంట్ అద్దాలు రోడ్డంతా పరుచుకున్నాయి. మాకు పోయినవి రెండు కిటికీ రెక్కలు.

కానీ అప్పట్నుంచి పైగది మూలలో నీరు దిగుతోంది. అయిదేళ్ల కిందట ఒక కాంట్రాక్టరు లోపలి గోడలకి సిమెంట్ ప్లాస్టరింగ్ చేసి పెట్టాడు. ఏడాది తిరక్కుండానే పొంగి, పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. ఇంటికి నాలుగు వాటాలు. మా అన్నయ్యలిద్దరూ డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దామంటున్నారు. మా మేనత్త సంతకం పెట్టనంటోంది. రెండు వైపుల మాటా నాకు సబబుగానే అనిపిస్తోంది, అదే ఇబ్బంది. ఊళ్లో ఇలాంటి ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి కాబట్టి అడుగుతున్నా. మీరైతే ఏం చేస్తారు?

బీచ్‌రోడ్ వాకర్:
పడగొట్టకండి. ఒకసారి పోయిందంటే ఏం పోయిందో కూడా గుర్తుండదు. డాబా గార్డెన్స్‌లో బస్సు దిగే వందమందిని ఆపి అడగండి, అక్కడ ఒకప్పుడు ఏముండేదో ఒక్కరు చెప్తే గొప్ప. 1840లో గోడే వెంకట జగ్గారావు గారు సొంత డబ్బుతో అక్కడ నక్షత్రాల్ని పరిశీలించే వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని మన ఊళ్లోంచే చూసి, లెక్కలు కట్టి, లండన్ పత్రికకి పంపించారు. టెలిస్కోపులో శుక్రుణ్ణి చూసిన ఊరు మనది. ఇప్పుడు అక్కడ వేధశాల లేదు. ఏవీఎన్ కాలేజీ అని మనం రోజూ అనే మూడక్షరాల్లో ఆయన పేరు మిగిలింది, అంతే. అది కూడా విడమర్చి చెప్పేవాళ్లు లేరు.

ఈఎంఐ బాబు:
వాకర్ గారూ, పొద్దున్నే నడుస్తూ చూడ్డానికి పాత మేడ బాగానే ఉంటుంది. అందులో ఉండేవాడికి వానాకాలం నాలుగు నెలలూ టెన్షనే. మాదీ అటువైపే. షాపు అద్దె ఎంతో చెప్తే నవ్వుతారు, తాతల నాటి అగ్రిమెంటు. ఆ అద్దెతో ఒక దూలం మార్చలేం. రిపేరుకి లోన్ అడిగితే బిల్డింగ్ వయసు చూసి ఫైలు పక్కన పెట్టారు, పైన ఇంకో ఫ్లోర్ వేద్దామంటే పునాది ఆగదన్నారు. మీకు అందం కావాలి, ఖర్చు మాత్రం మాది. రోడ్డు వెడల్పు చేయడానికి స్థలం ఇచ్చినవాళ్లకి టీడీఆర్ బాండ్లు, అంటే వేరేచోట అదనంగా కట్టుకోవడానికో అమ్ముకోవడానికో హక్కు కాయితాలు, ఇస్తున్నారు కదా. పాత ఇల్లు పడగొట్టకుండా ఉంచుకున్నవాడికి కూడా అలాంటిదేదో చేతిలో పెట్టమనండి, అప్పుడు మాట్లాడదాం. ఊరికే 'వారసత్వం' అని బోర్డు పెడితే అది మాకు శిక్షే.

ఇంకోటి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్తగా ఏమీ కట్టకూడదు. ఆపైన ఇంకో 200 మీటర్లు పర్మిషన్ లేనిదే పని మొదలుపెట్టకూడదు. ఇరుకు సందుల ఊళ్లో 300 మీటర్లంటే ఒక పేట. అందుకే ఆ శాఖ నీలం బోర్డు తమ వీధిలో పడాలని ఎవరూ కోరుకోరు. పైకి చెప్పరు గానీ.

సున్నం మేస్త్రి కొడుకు:
కోటవీధి బావూ, మీ గోడ పాడైంది తుఫాను వల్ల కాదు, ఆ సిమెంట్ వల్ల. మా నాన్న నలభై ఏళ్లు ఈ పనే చేశాడు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను, విసుక్కోకండి.

పాత గోడ లోపల గానుగ సున్నం ఉంటుంది. గుండ్రటి కాలువ తవ్వి, అందులో రాతి చక్రాన్ని ఎద్దు చేత తిప్పించి, సున్నం ఇసుక కలిపి వెన్నలా అయ్యేదాకా రుబ్బేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవారు. అలాంటి గోడ వానకి కొంచెం తడి పీలుస్తుంది, ఎండకి వదిలేస్తుంది. మన సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, అది కూడా ఆ తడితోనే లోపలికి పోతుంది, బయటికి వస్తుంది. మీరేం చేశారు? ఆ గోడకి సిమెంట్ తొడుగు వేశారు. పైనుంచి దిగిన నీరు బయటికి రాలేదు, ఉప్పంతా తొడుగు వెనకే పేరుకుంది. అదే చవుడు. అది పొంగితే సిమెంటు ఒక్కటే ఊడదు, పట్టుకున్న ఇటుక ముఖం కూడా పెళ్లగించుకుని వస్తుంది. ఊడిన పెచ్చు వెనక్కి తిప్పి చూడండి, ఎర్రటి పొడి అంటుకుని ఉంటుంది. అది మీ ఇల్లే.

చేయాల్సింది ఇది. సిమెంటంతా గీకించండి. గోడని ఒక ఎండాకాలం వట్టిగా ఆరనివ్వండి. తర్వాత సున్నంతోనే పూయించండి, పైన వెల్ల వేయించండి, ప్లాస్టిక్ పెయింటు వద్దు. ఇక దూలాలు. మధ్యలో ఎంత బాగున్నా నమ్మకండి. గోడలోకి దూరిన చివర చూడాలి, పుచ్చేది అక్కడే. సన్నటి బరమాతో ఒక రంధ్రం పెడితే వచ్చే పొట్టు రంగే చెప్పేస్తుంది. పొడిగా, తేనె రంగులో వస్తే ఇంకో వందేళ్లు. నల్లగా, మెత్తగా వస్తే అప్పుడు మీ అన్నదమ్ముల మాట వినండి.

బీచ్‌రోడ్ వాకర్:
మేస్త్రి గారబ్బాయికి దండం. స్మార్ట్ సిటీ కింద అప్పట్లో టౌన్ హాలు బాగుచేయించే పని పెట్టుకున్నారు కదా, అలాంటి పనుల దగ్గర ఇలాంటివాళ్లు ఒకరైనా ఉండాలి.

రిటైర్డ్ చరిత్ర మాస్టారు:
ఇందాకట్నుంచీ చదువుతున్నాను. నాకొక సందేహం. కాపాడాలి అంటున్నారు సరే, ఏ కాలం నాటి రూపాన్ని?

రాస్ హిల్ చూడండి. 1864లో రాస్ అనే దొర ఇల్లు కట్టుకున్నాడని ఆ కొండకి ఆ పేరు. ఇప్పుడది మేరీమాత గుడి. ఇల్లుగానే ఉండాలని ఎవరైనా పట్టుబట్టి ఉంటే ఈపాటికి మొండిగోడలు మిగిలేవి. దాని పక్క కొండ మీద దర్గా, ఆ పక్క కొండ మీద వెంకటేశ్వరస్వామి. ఆ కోవెల కట్టించింది 1866లో ఒక ఇంగ్లీషు కెప్టెన్ అని చెప్తారు. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉన్నది పాత డచ్చి బంగళాలో, 1991 నుంచీ. కాబట్టి బతికిన కట్టడాలన్నీ ఏదో ఒక నాడు పని మార్చుకున్నవే. కోటవీధి గారూ, మీ షాపుల్ని కాఫీ హోటలుగానో, పైమేడని రెండు గదుల లాడ్జీగానో మారిస్తే తప్పేమీ లేదు. గోడ ఉంటే చాలు.

అసలు ఊరి రూపమే ఎన్నిసార్లు మారలేదు! 1682లో ఇంగ్లీషువాళ్లు ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. 1757లో ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు. 1780 అక్టోబరులో సిపాయిలు మద్రాసు ఓడ ఎక్కబోమని ఎదురు తిరిగింది ఈ పాత ఊళ్లోనే, 1857కి 77 ఏళ్ల ముందు. ఆ సంగతి పిల్లలకి చెప్పే రాయి ఒక్కటి చూపించండి, విక్టోరియా రాణి బొమ్మ మాత్రం ఆటోవాళ్లందరికీ తెలుసు. 1933లో హార్బరు తెరిచారు. ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డుకట్ట చేశారు. ఆ హార్బరుతోనే ఊరి ముఖం అటు తిరిగింది. 2025లో వాల్తేరు రైల్వే డివిజన్ పేరు కూడా వలసపాలన నాటిదని విశాఖపట్నం డివిజన్‌గా మార్చారు. నాకైతే అది నచ్చలేదు. వాల్తేరు అనేది దొరలు పలికిన తీరే కావచ్చు, చినవాల్తేరు, పెదవాల్తేరు అని మనం పిలుచుకునే పేర్లు ఎక్కడికి పోతాయి?

పెదజాలారిపేట:
మాస్టారూ, మీరంతా మేడల గురించే మాట్లాడుతున్నారు. జమీందారుది, దొరది, మహరాజుది. జయపురం రాజుగారి హవా మహల్ ముందు ఫొటో దిగనివాళ్లు లేరు. మా పేటలో తాటాకు ఇల్లు పోయి రేకుల ఇల్లు వచ్చింది, రేకులు పోయి స్లాబు వచ్చింది. దాన్నెవరూ వారసత్వం అనరు. మేం కూడా అనుకోలేదులెండి.

కానీ ఒక మాట చెప్తా వినండి. మీకు కట్టడం అంటే చూసే వస్తువు, మాకు దారి. మా తాత వేటకెళ్తే వల ఎక్కడ వేయాలో ఒడ్డున గురుతుల్ని బట్టే తెలిసేది. రాస్ కొండ మీద తెల్లటి గుడి ఇంకో కొండ కొనతో ఒక వరసలోకి రావాలి, ఇటు పక్క ఇంకో రెండు గురుతులు కలవాలి. ఆ రెండు గీతలూ ఎక్కడ కలిస్తే అక్కడ అడుగున రాయి, రాయి ఉన్నచోట చేప. తెప్ప మీద నిలబడి కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాడు. ఇప్పుడు బీచ్ రోడ్డు పొడుగునా లేచిన అపార్ట్‌మెంట్లు సగం గురుతుల్ని కప్పేశాయి. మా అన్న జీపీఎస్ చూస్తాడు. అది పనిచేయనప్పుడు ఏం చేస్తావని అడిగితే, ఫలానా టవర్ మీద ఎర్రలైటు గురుతు పెట్టుకున్నా అన్నాడు. బాధపడి చెప్పలేదు, మామూలుగానే చెప్పాడు. మీరైతే ఆ టవర్ చూసి ఊరు పాడైపోయిందంటారు.

ఈఎంఐ బాబు:
ఇదిగో, ఇదీ మాటంటే.

బీచ్‌రోడ్ వాకర్:
పెదజాలారిపేట గారు చెప్పింది నేనెప్పుడూ ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నా. అయినా ఒక తేడా ఉంది. టవర్ రేపు ఇంకో టవర్ వెనక్కి పోతుంది, రాస్ కొండ నూట యాభై ఏళ్లు గురుతుగా నిలబడింది.

కొత్తది గుర్తు కాకూడదని నేననను. కుర్సురా సబ్‌మెరైన్ ఉంది కదా. 1969లో నేవీలో చేరింది, 1971 యుద్ధంలో తిరిగింది, 2001లో రిటైరైంది, 2002లో బీచ్‌కి తెచ్చి మ్యూజియం చేశారు. వైజాగ్ బొమ్మ గీయమంటే మా అబ్బాయి మొదట గీసింది దాన్నే. అది లేని బీచ్ వాడికి తెలియదు. నాకు తెలుసు, అక్కడ ఇసుకలో మేం క్రికెట్ ఆడేవాళ్లం.

మధురవాడ మామయ్య:
కాపాడామని చెప్పుకునేవాటి సంగతి కూడా చూడండి. మా వైపు తొట్లకొండ. 1976లో నేవీ విమానంలో సర్వే చేస్తుంటే బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వారు. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం. తవ్విన తర్వాత మహాస్తూపాన్ని పేర్చి కట్టారు. 2019 అక్టోబరు వానలకి ఆ పేర్చిందే కూలింది, మళ్లీ కట్టాల్సి వచ్చింది. చూడ్డానికి వెళ్లే పిల్లలకి ఏది పాత రాయో ఏది మొన్న పెట్టిన రాయో చెప్పేవాళ్లెవరు? బోర్డు ఉండగానే సరిపోదు. వాన నీరు పోయే దారి చూసుకోవాలి. కోటవీధి గారి మూలగదికీ అంతే కదా.

సున్నం మేస్త్రి కొడుకు:
అంతే మామయ్యా. ముందు తూము చూడాలి, తర్వాతే గోడ.

కోటవీధి మనవడు:
పది రోజులు పట్టింది, అందరికీ థాంక్స్. మేస్త్రి గారబ్బాయిని ఆదివారం ఇంటికి పిలిపించాను. మా అన్నయ్యలు కూడా వచ్చారు, బిల్డర్ కాయితాలు చేత్తో పట్టుకునే. మేస్త్రి మొదట డాబా ఎక్కి తూము చూశాడు. రావి మొక్క ఒకటి తూములోంచే మొలిచి ఉంది, వేరు పైగది మూల దాకా దిగింది. నీరు వస్తున్నది దాని వెంటే.

తర్వాత దూలాలకి బరమా పెట్టాం. మొత్తం పదకొండు. తొమ్మిదింట్లో పొట్టు తేనె రంగులోనే వచ్చింది. రెండిట్లో నల్లగా వచ్చింది, రెండూ ఆ మూలవే. మా మేనత్త కింద కుర్చీలో కూర్చుని ఆ పొట్టుని అరచేతిలో వేయించుకుని వాసన చూసింది. బర్మా టేకు, మా నాన్న రంగూన్ ఓడలో తెప్పించాడు, అంది. నిజమో కాదో తెలియదు, మా పెద్దన్నయ్య మాత్రం ఆ రోజు కాయితాలు బయటికి తీయలేదు.

సిమెంట్ గీకడానికి, రెండు దూలాలు మార్చడానికి ఎంతవుతుందో లెక్క వేయిస్తున్నాం. నలుగురం పంచుకోవాలి. చిన్నన్నయ్య ఇంకా ఒప్పుకోలేదు, ఈఎంఐ బాబు గారి పోస్టు స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. రావి మొక్కని కొట్టడానికి మాత్రం ఎవరూ ముందుకు రావడం లేదు. పంతులుగారిని అడిగి చెప్తానంది అత్త.