మినీ మిల్లింగ్ మెషిన్‌కు మూడించుల వైసా, నాలుగించులదా?

హన్మకొండ_మినీమిల్:
అందరికీ నమస్కారం. ఇంటి వెనక రేకుల షెడ్డులో సీగ్ ఎక్స్2 రకం మినీ మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసేది) పెట్టుకున్నాను. టేబుల్ 390 × 92 మి.మీ. ఎక్స్ వైపు (ఎడమ-కుడి) 220, వై వైపు (ముందు-వెనక) 100 మి.మీ. కదులుతుంది. చిన్న ఆవిరి ఇంజిన్ మోడళ్లు చేయాలని చాలా ఏళ్ల కోరిక. సిలిండర్ బ్లాకులు, బేరింగ్ బ్రాకెట్లు, ఎక్కువగా ఇత్తడి, అల్యూమినియం. అప్పుడప్పుడు ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్).

మెషిన్‌తో వైస్ (కోసే ముక్కను టేబుల్ మీద బిగించి పట్టేది) రాలేదు. నా ముందు మూడు ఉన్నాయి: 73 మి.మీ. స్క్రూలెస్ వైస్ (హ్యాండిల్ స్క్రూ లేకుండా అలెన్ కీతో బిగించేది; సైజు అంటే జా, అంటే పట్టే దవడ, వెడల్పు), స్వివెల్ బేస్ (వైస్‌ను కోణంలో తిప్పే అడుగు పీట) ఉన్న మూడించులది, స్వివెల్ బేస్ ఉన్న నాలుగించులది. రాణిగంజ్‌లో దుకాణదారు నాలుగించులదే తీసుకోమంటున్నాడు. రేపు పెద్ద జాబ్ (కోయాల్సిన ముక్క) వస్తే మళ్లీ కొనే పని ఉండదంటాడు. మీరేమంటారు?

గోదావరిఖని_ఫిట్టర్:
తమ్మీ, దుకాణదారు చెప్పిన దాంట్లో తప్పు లేదు. నేను హెచ్ఎమ్‌టీ ఎఫ్ఎన్2 అనే పెద్ద మిల్లింగ్ మెషిన్ మీద పని నేర్చుకున్నవాణ్ని. వైస్ బరువుగా ఉంటే కట్టర్ కొట్టే దెబ్బను అదే మింగుతుంది. తేలిక వైస్‌లో జాబ్ కూస్తుంది, ఫినిష్ మీద అలలు పడతాయి. జా వెడల్పు ఎక్కువైతే పట్టు ఎక్కువ చోట ఉంటుంది కాబట్టి ఇత్తడి మీద నొక్కుడు గుర్తులు కూడా తగ్గుతాయి. పెద్ద వైస్‌లో చిన్న జాబ్ పట్టొచ్చు, చిన్న వైస్‌లో పెద్ద జాబ్ పట్టదు. నాలుగించులదే తీసుకో.

ఐటిఐ_మెషినిస్ట్:
అన్నా, మీ అనుభవం మీద గౌరవంతోనే గట్టిగా అడ్డు చెబుతున్నా. ఎఫ్ఎన్2 టేబుల్ వెడల్పు 310 మి.మీ. ఈయన టేబుల్ 92. అక్కడి సూత్రం ఇక్కడికి తెస్తే డబ్బూ పోతుంది, మెషినూ పాడవుతుంది. యూట్యూబ్‌లో చూసి కూడా చాలామంది ఇదే పొరపాటు చేస్తారు. ఆ వీడియోల్లో ఉండేది బ్రిడ్జ్‌పోర్ట్ అనే పెద్ద మిల్లింగ్ మెషిన్, దాని టేబుల్ వెడల్పు 9 ఇంచులు. దాని మీద కర్ట్ కంపెనీ ఆరించుల వైస్ పెడతారు. అంటే వైస్ సైజు టేబుల్ వెడల్పులో మూడింట రెండొంతులు. అదే లెక్కన 92 మి.మీ. టేబుల్‌కు వచ్చేది 60 మి.మీ. చిల్లర. మూడించులదే కాస్త పెద్దది, నాలుగు సంగతి సరేసరి.

ఇంకో లెక్క చూడండి. 12 మి.మీ. ఎండ్ మిల్ కట్టర్‌తో జాబ్ పైముఖం మొత్తం ఫేసింగ్ చేయాలంటే (చదునుగా కోయాలంటే) కట్టర్ ఒక అంచు బయట మొదలై రెండో అంచు దాటాలి. 60 మి.మీ. వెడల్పు జాబ్‌కు వై కదలిక 72 కావాలి. మొత్తం ఉన్నదే 100. అంటే ఈ మెషిన్ మీద వై వైపు పూర్తిగా ఫేసింగ్ చేయగలిగేది 88 వరకే, అదీ వైస్ సరిగ్గా కుదిరిన చోట కూర్చుంటే. నాలుగించుల వైస్ నోరు 100 తెరుచుకున్నా చివరి భాగం మనకు అక్కరకు రాదు.

వైస్ కుదిరిన చోట కూర్చోదన్నదే అసలు బాధ. నాలుగించుల మిల్లింగ్ వైస్ స్క్రూ చివరతో కలిపి 300 మి.మీ. దాకా పొడవుంటుంది. 92 టేబుల్ మీద పెడితే ముందూ వెనకా కలిపి 200 గాల్లో వేలాడుతుంది. వెనక్కి జరిపితే టేబుల్ చివరిదాకా వెళ్లకముందే వైస్ తోక కాలమ్‌కు (మెషిన్ వెనక నిలువు స్తంభానికి) తగులుతుంది. అక్కడే వై కదలిక కొంత పోయింది. ముందుకు జరిపితే ఫిక్స్‌డ్ జా (కదలని దవడ) స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు) కిందికి రాదు, పైగా వైస్ హ్యాండిల్ వై చక్రానికి అడ్డం వస్తుంది. జా ఎంత వెడల్పు అని అడగడం కన్నా బాడీ ఎంత పొడవు అని అడగండి.

గోదావరిఖని_ఫిట్టర్:
సార్, పొడవు లెక్క ఒప్పుకుంటా. కానీ మీరు వై వైపే చూశారు. ఎక్స్ వైపు 220 ఉంది కదా. 150 మి.మీ. పొడవు ఎమ్మెస్ పట్టీని 75 జాలో పట్టిస్తే రెండు వైపులా చెరో 37 మి.మీ. బయట ఉంటుంది. పది మి.మీ. మందం పట్టీ అయితే ఆ చివర్లు కట్టర్ కింద వంగుతాయి, మధ్యలో ఒక సైజు, చివర్లలో ఒక సైజు వస్తుంది. దానికేం చేస్తారు? ఆవిరి ఇంజిన్‌కు బేస్ ప్లేట్ ఉండదా?

సిరిసిల్ల_వర్క్‌షాప్:
బేస్ ప్లేట్‌కు వైస్ ఎందుకన్నా? స్ట్రాప్ క్లాంపులతో (బోల్టుతో నొక్కి పట్టే పట్టీలతో) టీ-స్లాట్లకు (టేబుల్‌లోని గాళ్లకు) కట్టెయ్యాలి. మాకు మరమగ్గాల స్పేర్ పార్టులు వస్తుంటాయి. పొడుగు పట్టీలు ఎప్పుడూ టేబుల్ మీదే కడతాం. లేదంటే ఒకే ఎత్తున్న రెండు చిన్న స్క్రూలెస్ వైసులు పక్కపక్కన పెట్టి పట్టిస్తాం. ఒక పెద్ద వైస్ కన్నా ఆ జత ఎక్కువ పనికొస్తుంది. కొనేటప్పుడే జతగా గ్రైండ్ చేసినవి అడగాలి, ఎత్తులో తేడా ఉంటే జాబ్ ఒక పక్కకు వాలుతుంది.

నేను సైజు కన్నా ముందు రకం చూడమంటాను. తక్కువ ధరకు వస్తుందని డ్రిల్లింగ్ మెషిన్ వైస్ మాత్రం కొనొద్దు. బిగించినప్పుడు దాని మూవింగ్ జా పైకి లేస్తుంది, జాబ్ దాంతో పాటు లేస్తుంది. కింద పారలల్స్ (జాబ్ కింద పెట్టే ఒకే ఎత్తున్న పట్టీలు) చేత్తో తోస్తే కదులుతుంటాయి. కర్ట్ తరహా యాంగిల్ లాక్ వైస్‌లో ఏటవాలు ముఖం మూవింగ్ జాను కిందికి లాగుతుంది. స్క్రూలెస్‌లోనూ బోల్టు వాలుగా ఉండి కిందికే లాగుతుంది. ఈ రెండిట్లో ఏదైనా మూడించులది మంచిది దొరికితే, పేరు లేని నాలుగించులదాని కన్నా నేను దానికే ఓటేస్తా.

హన్మకొండ_మినీమిల్:
సార్, అన్నా, ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. స్వివెల్ బేస్ గురించి ఎవరూ చెప్పలేదు. కోణంలో కట్ చేయాల్సి వస్తే అది ఉపయోగమే కదా?

ఐటిఐ_మెషినిస్ట్:
బేస్ విడిగా తీయగలిగేదైతే తీసి అటక మీద పెట్టండి. కోణంలో చేసే పని చాలా అరుదు, ఎత్తు నష్టం మాత్రం ప్రతి రోజూ. మీ మెషిన్‌లో స్పిండిల్ మూతి నుంచి టేబుల్‌కు గరిష్ఠంగా ఎంత ఉందో స్కేలు పెట్టి కొలవండి. 280 అనుకుందాం. నాలుగించుల వైస్‌లో జాబ్ కూర్చునే చోటు టేబుల్ నుంచి సుమారు 70 పైన ఉంటుంది. స్వివెల్ బేస్ ఇంకో 30. డ్రిల్ చక్ (డ్రిల్‌ను పట్టేది), ఆర్బర్ (చక్‌ను స్పిండిల్‌కు కలిపే కడ్డీ) కలిపి 100. చక్ బయటికి 80 మి.మీ. డ్రిల్. మొత్తం 280 అయిపోయింది, జాబ్ ఇంకా పెట్టనే లేదు! నలభై మి.మీ. సిలిండర్ బ్లాక్‌కు రంధ్రం వేయాలంటే ఏం చేస్తారు?

బేస్ ఉంటే వైస్‌కూ టేబుల్‌కూ మధ్య ఇంకో రెండు ముఖాలు, ఇంకో రెండు బోల్టులు వస్తాయి. తేలిక మెషిన్ మీద ప్రతి అతుకూ కొంత వణుకు తెస్తుంది. ఫిట్టర్ అన్న చెప్పిన అలలు పడేది అక్కడే.

కాజీపేట_మోడల్స్:
నేను 73 మి.మీ. స్క్రూలెస్ వైపు. పొడవు సుమారు 190, నోరు 100 తెరుచుకుంటుంది, ఎత్తు తక్కువ. పక్క ముఖాలు కూడా గ్రైండ్ చేసి ఉంటాయి కాబట్టి డయల్ గేజ్ (వంకర ఎంతో చూపే కొలత పరికరం) పెట్టి సరిచేయడం తేలిక. పొడవు ఇంకా ఎక్కువే అనిపిస్తే వైస్‌ను 90 డిగ్రీలు తిప్పి టేబుల్ పొడవునా పెట్టొచ్చు. అప్పుడు వేలాడేదే ఉండదు.

గోదావరిఖని_ఫిట్టర్:
తిప్పి పెడితే జా వై వైపు ఉంటుంది. అప్పుడు జాబ్ పొడవు 88 దాటితే పూర్తిగా కట్ చేయలేవు. ఎక్స్‌లో ఉన్న 220 వృథా. ఇంకోటి, స్క్రూలెస్‌లో నోరు సైజు మార్చాలంటే ప్రతిసారీ కింద పిన్ను వెనక గాడిలోకి మార్చాలి, అలెన్ కీతో బిగించాలి. ఒకే రకం బ్రాకెట్లు ఇరవై చేసే రోజున చెయ్యి నొస్తుంది. హ్యాండిల్ వైస్‌కు ఆ సౌకర్యం ఉంది.

సిరిసిల్ల_వర్క్‌షాప్:
ఇరవై ఒకే సైజువి చేసేటప్పుడు పిన్ను మార్చే అవసరం రాదన్నా, అర చుట్టు వదిలి మళ్లీ బిగించడమే. అయితే ఆ గాళ్లలో పొట్టు చేరుతుంది, అది నిజం. బ్రష్ పక్కనే పెట్టుకోవాలి.

హన్మకొండ_మినీమిల్:
ఐటిఐ సార్ మాట పట్టుకుని దుకాణదారును బాడీ పొడవు, ఎత్తు అడిగి, ఆ కొలతలకు అట్టలు కత్తిరించి టేబుల్ మీద పెట్టి చూశాను. నాలుగించులదాని అట్ట వెనక్కి తిప్పుతుంటే కాలమ్‌కు తగిలింది, ఫిక్స్‌డ్ జా గీత స్పిండిల్ మధ్యకు కూడా రాలేదు. స్క్రూలెస్ అట్ట చివరిదాకా వెళ్లింది. హ్యాండిల్ ఉన్న మూడించులది వెళ్లింది గానీ స్క్రూ చివర వై చక్రం మీదికి వచ్చింది. స్క్రూలెస్ తీసుకుంటున్నాను. ఫిట్టర్ అన్నా, బేస్ ప్లేట్ టేబుల్ మీద కట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

గోదావరిఖని_ఫిట్టర్:
తీసుకో తమ్మీ. 180 మి.మీ. టేబుల్ ఉన్న మెషిన్‌కు మారితే మాత్రం నాలుగించులదే, ఆ మాట మార్చుకోను. స్ట్రాప్ కట్టేటప్పుడు బోల్టు జాబ్‌కు దగ్గరగా ఉండాలి, ప్యాకింగ్‌కు (స్ట్రాప్ రెండో చివర కింద పెట్టే దిమ్మెకు) దూరంగా. అప్పుడే బలం జాబ్ మీద పడుతుంది. ప్యాకింగ్ వైపు వెంట్రుకంత ఎత్తుగా ఉంచు. కింద టేబుల్ కోయకుండా జాబ్ కింద పారలల్స్ పెట్టు, స్ట్రాప్ సరిగ్గా ఆ పారలల్ మీదికే రావాలి. మధ్యలో ఖాళీ మీద బిగిస్తే ప్లేట్ వంగుతుంది, విప్పగానే లేస్తుంది.