ఎనామిల్‌కు బదులు హైడ్రాక్సీఅపటైట్ బిళ్లలు: బ్యాక్టీరియా అతుకుదలను కొలవడానికి పనికొస్తాయా?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. పళ్లు పుచ్చడానికి కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియా పంటి పైపొరైన ఎనామిల్‌కు అతుక్కోవడాన్ని ఒక మొక్క కషాయం ఎంతవరకు తగ్గిస్తుందో చూడడం నా పని. మొదట పీకేసిన పళ్లనే వాడాను గానీ ఒక్కో పన్ను ఒక్కో లెక్క చెప్పింది. పైగా కొన్ని నల్లగొండ వైపు వారివి కావడంతో ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే) మచ్చలు కంటికే కనిపిస్తున్నాయి. అందుకే ఎనామిల్‌లోని ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీఅపటైట్‌తో చేసిన బిళ్లలకు మారాను. తీరా అతుక్కున్న బ్యాక్టీరియాకు పట్టే క్రిస్టల్ వయొలెట్ అనే రంగు వేసి చూస్తే, బ్యాక్టీరియా వేయని బిళ్ల కూడా నేరేడు పండులా ఊదారంగుకు తిరిగింది, నాలుగుసార్లు కడిగినా వదలలేదు. లోపం బిళ్లదా, నా పద్ధతిదా?

జవాబు 1 (దంత పదార్థాల అధ్యాపకుడు)

రెండింటిదీనండి. బిళ్లలోని సన్నని రంధ్రాల్లోకి రంగు ఇంకిపోతుంది కనుక, దాన్ని నమ్ముకోకుండా, అతుక్కున్న కణాలను సోనికేటర్‌తో (ధ్వని తరంగాలతో కదిపే యంత్రంతో) మెల్లగా విడదీసి, పోషకాలున్న ప్లేట్ మీద పెంచి లెక్కపెట్టండి. రంధ్రాలు తగ్గాలంటే బిళ్ల 1100 నుంచి 1200 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా కాల్చినదై ఉండాలి, ఆపైన అన్నింటినీ ఒకే నునుపుకు సానపట్టాలి. గరుకుతనం సుమారు 0.2 మైక్రోమీటర్లు దాటితే అతుకుదల దానివల్లే పెరగవచ్చు, ఆ తేడాను మీరు కషాయం ఖాతాలో వేసుకునే ప్రమాదముంది. ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే అయినా, అది కార్బొనేటు, మెగ్నీషియం, ఫ్లోరైడు కలిసిన అపటైట్. స్వచ్ఛమైన బిళ్ల దానికన్నా ఆమ్లంలో తక్కువగా కరుగుతుంది. కాబట్టి అతుకుదలకు బిళ్ల చాలు, పుచ్చు ఏర్పడడాన్ని దానిమీద చూపించబోకండి.

జవాబు 2 (సూక్ష్మజీవ శాస్త్రవేత్త)

అసలు సంగతి లాలాజలం. నోట్లో బ్యాక్టీరియాకు తగిలేది ఖాళీ ఎనామిల్ కాదు, నిమిషాల్లోనే దానిమీద పరుచుకునే ప్రొటీను పొర. ఆ పొరలోని స్టాథెరిన్, ప్రోలిన్ అధికంగా ఉండే ప్రొటీన్లు హైడ్రాక్సీఅపటైట్‌ను చక్కగా పట్టుకుంటాయి. లాలాజలం పూసిన అపటైట్ పూసలు 1970ల నుంచీ ప్రయోగశాలల్లో నిలబడింది అందుకే. నలుగురైదుగురి లాలాజలం కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తేర్చి, బిళ్లకు పూయండి. ఇంతకీ మాధ్యమంలో పంచదార వేశారా?

ప్రశ్న వేసిన వారు

వేశానండి, 1 శాతం సుక్రోజ్.

జవాబు 2 (కొనసాగింపు)

అదే చిక్కు. సుక్రోజ్ దొరికితే మ్యూటన్స్ దాన్నుంచి జిగురులాంటి గ్లూకాన్ అల్లుకుని గాజుకైనా ప్లాస్టిక్‌కైనా పట్టేస్తుంది. ఇక అడుగున ఎనామిలా, బిళ్లా అన్న తేడా చాలావరకు చెరిగిపోతుంది. సుక్రోజ్ లేకుండా మొదటి గంటో రెండు గంటలో కొలవండి, ఉన్నప్పటిది వేరే ప్రయోగంగా రాసుకోండి. ఇంకొకటి: బిళ్ల రంధ్రాల్లో మిగిలిన కషాయం ప్లేట్ మీద కూడా కణాలను చంపుతూ ఉండవచ్చు. అప్పుడు తగ్గినది అతుకుదల కాదు, ప్రాణం. కషాయంలో నానిన బిళ్లను ఉత్త బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణంలో) సోనికేట్ చేసి, ఆ నీటికి తెలిసిన సంఖ్యలో బ్యాక్టీరియా కలిపి ప్లేట్ చేస్తే అది బయటపడుతుంది.

జవాబు 1

పళ్లను పూర్తిగా మానేయవద్దు. వంకర పళ్లు సరిచేయడానికి తీసే చిన్న దవడ పళ్లు సాధారణంగా ఆరోగ్యంగా ఉంటాయి. నైతిక కమిటీ అనుమతితో అవి కొన్ని సేకరించి, బిళ్లల మీద తేలినదాన్ని చివరి విడతలో వాటి మీద ఒకసారి సరిచూసుకోండి. మచ్చలున్నవి మాత్రం ఆ గుంపులో కలపకండి.