ఫీజు ఎత్తేస్తే పేదింటి పిల్లలు యూనివర్సిటీకి వస్తారా?

రెండోవరస:
ఎప్పటినుంచో నలుగుతున్న ప్రశ్న, అందుకే పెడుతున్నా. ఫీజంతా ప్రభుత్వమే కట్టాలని కొందరు, ఉద్యోగం వచ్చాక చదువుకున్నవాళ్లే కట్టుకోవాలని కొందరు. ఆస్ట్రేలియా రెండూ చేసి చూసింది. 1974లో ఫీజు తీసేసింది, 1989లో హెక్స్ పేరుతో మళ్లీ పెట్టింది, కాకపోతే సంపాదన ఒక స్థాయి దాటాకే పన్నుతో పాటు కట్టేలా. మీరేమంటారు?

లెక్కలపిచ్చి:
నా వరకు తేలిపోయింది. ఇంగ్లండ్‌లో ఏడాది ఫీజు 1998లో 1,000 పౌండ్లు, 2006లో 3,000 దాకా, 2012లో 9,000 దాకా. ప్రతిసారీ పేద పిల్లలు ఆగిపోతారని గోలే. 2012లో కాస్త తగ్గారు, ఆ తర్వాత పేద ప్రాంతాల 18 ఏళ్ల వాళ్ల దరఖాస్తుల శాతం మళ్లీ పెరిగింది. ఎందుకంటే చేరేటప్పుడు చేతి డబ్బు పెట్టక్కర్లేదు, అప్పుంది.

నీలిసిరా:
అదే ఇంగ్లండ్‌లో పార్ట్‌టైమ్‌గా డిగ్రీలో చేరేవాళ్లు 2010 తర్వాత పదేళ్లు తిరక్కుండా సగానికి పైగా పడిపోయారు. ఆ సంగతి చెప్పరేం?

లెక్కలపిచ్చి:
పైన 'పిల్లలు' అని ఉంది. పార్ట్‌టైమ్ వాళ్లు పెద్దవాళ్లు. వేరే చర్చ పెట్టుకోండి.

చిరుగాలి:
రెండోవరస గారూ, టైటిల్ మార్చేయండి, సగం గొడవ వదులుతుంది 🙂

నీలిసిరా:
స్కూలు అయ్యాక నేను పనికి వెళ్లకపోతే మా ఇల్లు గడవదు. ఫీజు లేకపోయినా వెళ్లేదాన్ని కాదు, ఇంటికి కావాల్సింది నా జీతం. 27 ఏళ్లకు సాయంత్రం క్లాసుల్లో చేరాను. నేనూ పేదింటి పిల్లనేనండీ, మీ లెక్కలోకి ఎక్కేసరికి వయసు దాటిపోయింది.

లెక్కలపిచ్చి:
కష్టపడ్డారు, కాదనను. కానీ ఒకరి కథ డేటా కాదు.

పాతగుమాస్తా:
యూనివర్సిటీ అకౌంట్స్‌లో చాలాకాలం పనిచేశాను, మీరిద్దరూ వదిలేసిన మాట ఒకటుంది. ఉద్యోగాలు దొరకని కాలంలో జనం చదువులోకి వస్తారు, సరిగ్గా అప్పుడే ఖజానా ఖాళీగా ఉంటుంది. అమెరికాలో 2008 తర్వాత జరిగింది అదే. చేరేవాళ్లు పెరిగారు, రాష్ట్రాలు ఒక్కో విద్యార్థికి ఇచ్చేది కోసేశాయి, ఆ లోటంతా ఫీజు మీద పడింది. ఫీజు లేకపోతే ఆ కోత సీట్ల మీద పడుతుంది. స్కాట్లండ్‌లో అక్కడి విద్యార్థులకు ఫీజు లేదు, కానీ ఎన్ని సీట్లకు డబ్బివ్వాలో ప్రభుత్వమే గీత గీస్తుంది.

లెక్కలపిచ్చి:
నేననేదీ అదే! సీట్లు తక్కువైతే ముందునుంచీ కోచింగ్ ఇప్పించగలిగిన ఇళ్లవాళ్లే నెగ్గుతారు. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2017లో చూపించింది, అమెరికాలో 38 కాలేజీల్లో ఆదాయంలో అడుగున ఉన్న 60 శాతం కుటుంబాల పిల్లలకంటే పైన ఉన్న ఒక్క శాతం వాళ్ల పిల్లలే ఎక్కువ.

నీలిసిరా:
ఫీజులు మండిపోయే కాలేజీలే ఎక్కువ ఆ జాబితాలో! ఫీజు ఉండాలనే మీ వాదనకు అదెలా సాక్ష్యం? అప్పు ఉందిగా అని ఎంత తేలిగ్గా అనేశారు. మీరెప్పుడైనా అప్పు చేసి చదివారా అసలు?

లెక్కలపిచ్చి:
చేశాను. పదకొండేళ్లు కట్టాను, మొన్నే తీరింది. ఇంకోటి కూడా వినండి. మా అన్న స్కూలు మానేసి లారీ ఎక్కాడు కాబట్టి నేను కాలేజీకి వెళ్లాను. అప్పటికే వాడి బతుకు నాకిచ్చేశాడు, పైగా నా ఫీజు కూడా వాడి పన్నులోంచే కట్టాలా? 'ఉచితం' అన్నప్పుడల్లా నాకు వాడే గుర్తొస్తాడు.

చిరుగాలి:
ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే సరిపోయేది కదండీ.

నీలిసిరా:
సాయంత్రం క్లాసులో నా పక్కన కూర్చున్నవాళ్లు మీ అన్నలాంటి వాళ్లే. ఇంగ్లండ్‌లో సగానికి పైగా మాయమైందీ ఆయనలాంటి వాళ్లే. ఆయన్ని వేరే చర్చ పెట్టుకోమన్నది మీరు.

లెక్కలపిచ్చి:
మళ్లీ వ్యక్తిగతం. పార్ట్‌టైమ్ తగ్గిన మాట నిజమే, కానీ ఫీజు ఒక్కటే కారణం కాదు. అప్పటికే ఒక డిగ్రీ ఉన్నవాళ్లకు అదే స్థాయిలో ఇంకోటి చదవడానికి నిధులు 2008లోనే కోసేశారు. అదీ కలపాలి.

నీలిసిరా:
'ఒక్కటే' కాదన్నారుగా. ఇవాళ్టికి చాలు.