కోడ్‌షేర్ విమానంలో గ్లూటెన్ లేని భోజనం కన్ఫర్మ్ కావడం లేదు

ఒకే టికెట్, రెండు విమానాలు. మొదటిది టికెట్ అమ్మిన ఎయిర్‌లైన్‌దే. 11 గంటల ప్రయాణం ఉన్న రెండోది దాని భాగస్వామి సంస్థ నడుపుతోంది (కోడ్‌షేర్ అంటే ఇదే). బుకింగ్‌లోనే జీఎఫ్‌ఎంఎల్ (గ్లూటెన్ లేని భోజనం కోడ్) పెట్టించాను. మొదటిదానికి హెచ్‌కే, అంటే ఖరారైంది. రెండోది మాత్రం హెచ్‌ఎన్ దగ్గరే ఆగింది: అభ్యర్థన వెళ్లింది, అవతలి నుంచి జవాబు లేదు. రెండో విమానం టైమ్ 40 నిమిషాలు జరిగాక ఇలా అయింది, అంతకుముందు అక్కడా హెచ్‌కేనే ఉండేది.

అమ్మినవాళ్ల యాప్‌లో రెండో విమానానికి భోజనం ఆప్షన్ నొక్కుడే పడదు. భాగస్వామి సంస్థ పీఎన్‌ఆర్ వేరే (ఆరు అక్షరాలది), అది అడిగి తీసుకుని వాళ్ల సైట్‌లో తెరిస్తే బుకింగ్, సీటు కనిపిస్తున్నాయి కానీ భోజనం మార్చాలంటే టికెట్ ఇచ్చినవాళ్లనే అడగమంటోంది. ఫోన్ చేస్తే వీళ్లు వాళ్ల మీదికి, వాళ్లు వీళ్ల మీదికి. పాత అభ్యర్థన తీయించి కొత్తగా పెట్టించినా మళ్లీ హెచ్‌ఎన్. చెకిన్ కౌంటర్‌లో అడగడం వృథా, అప్పటికి క్యాటరింగ్ లెక్క వెళ్లిపోయి ఉంటుంది.

బయల్దేరడానికి ఇంకా 60 గంటలుంది, భోజనం అడిగే గడువు 24 గంటల ముందు. టైమ్ మారిన టికెట్‌ను రీఇష్యూ (మళ్లీ జారీ) చేయించాకే భోజనం ఖరారవుతుందా, లేక నడిపే సంస్థ తన పీఎన్‌ఆర్‌లో నేరుగా పెట్టగలదా?