సత్యం రాజుగారిది మంచి మనసుతో చేసిన తప్పా, మామూలు మోసమేనా?

ఉండి_కాలువ:
సత్యం కంప్యూటర్స్ అనగానే అందరూ దాన్ని పెట్టిన రామలింగరాజు గారిని దొంగ అనేస్తారు. 2005లో 108 అంబులెన్స్ మొదలైంది ఆయన వల్లే. ఆయన కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ మా జిల్లా ఊళ్లలో మంచినీటి ప్లాంట్లు పెట్టింది. కంపెనీని నిలబెట్టాలన్న తాపత్రయంలో తప్పు చేసిన మనిషినీ, జేబు నింపుకునేవాడినీ ఒకే గాటన కట్టేయాలా?

పాత_లెడ్జర్:
కట్టేయాల్సిందే. 2009 జనవరి 7న కంపెనీ బోర్డుకు రాసిన ఉత్తరంలో ఆయనే ఒప్పుకున్నారు, పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని. లేని డబ్బుకు ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు పుట్టించాలి, వాటి మీద రాని వడ్డీ రాసుకోవాలి, మళ్లీ మూడు నెలలకు ఆ అంకెకు తగ్గకుండా ఇంకో అంకె వేయాలి. ఇదంతా ఏళ్ల తరబడి కూర్చుని చేసే పనండీ. తాపత్రయంలో చెయ్యి జారితే ఇన్నేళ్లు జారుతుందా?

ఉండి_కాలువ:
సొంతానికి రూపాయి తీసుకోలేదని అదే ఉత్తరంలో రాశారు. అదీ చదవండి.

నీలిమ_కె:
చదివాం. మరి మేటాస్ సంగతి? 2008 డిసెంబర్ 16న కొడుకుల కంపెనీలు రెండింటిని సత్యం డబ్బుతో 160 కోట్ల డాలర్లకు కొంటామన్నారు. ఇన్వెస్టర్లు గోల చేస్తే గంటల్లో వెనక్కి తగ్గారు. లేని ఆస్తుల స్థానంలో నిజం ఆస్తులు పెట్టే చివరి ప్రయత్నం అదేనట. నాకు ఇందులో కనిపించేది దురాశ కన్నా పరువు భయం. ఆ భయమే ముందే నిజం చెప్పనివ్వలేదు. మనసుంది కాబట్టే ఆగలేదు, అదే నా బాధ. ఉత్తరం బయటపడిన ఆ జనవరి 7 ఒక్కరోజే సత్యం షేరు 179 రూపాయల నుంచి 40కి పడింది. రిటైర్మెంట్ డబ్బు అందులో పెట్టుకున్నవాళ్ల మీద ఈ మంచితనం ఏమైంది?

పాత_లెడ్జర్:
ఇంకొకటి. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసిన పదిమందిలో ఫైనాన్స్ విభాగం ఉద్యోగులూ ఉన్నారు. వాళ్లెందుకు చేసుంటారు? పై అధికారి చెప్పాడు, పెద్దాయన మీద గౌరవం, ఇంట్లో ఈఎంఐ. ఇవీ ఎమోషన్లే కదా. వీళ్లకు మాత్రం 108 పేరు చెప్పి ఎవరూ వాదించరు.

ఉండి_కాలువ:
వాళ్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటా. రాజుగారి విషయంలో ఒప్పుకోను. ఆయన పోయాక కూడా 108 నడుస్తూనే ఉంది, జీవీకే గ్రూపు తీసుకున్నా, ప్రభుత్వం డబ్బిచ్చినా.

నీలిమ_కె:
పోయాక ఏంటండీ, ఆయన బతికే ఉన్నారు :) కంపెనీ నుంచి పోయాక అనండి.